గేటు బయట కర్ర

మంగళవారం ఉదయం ఐదున్నరకు దోహా ఆసుపత్రిలో జింకల కాపరి పెద్దాయన చనిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఉత్తర తెలంగాణలో గొర్రెలు కాసి, తర్వాత ఇక్కడికొచ్చిన మనిషి. దోహాకు పడమరన కంచె వేసిన ఎడారిలో పదకొండేళ్లు రీమ్ జింకలను చూసుకున్నాడు. ఇసుక రంగులో ఉండే ఆ జింకలు కంచెలో ఉన్నా అడవివే. మనిషి చేయి తగలనివ్వవు.

నేను మొదట అక్కడికి వెళ్లింది పేపరు వార్త కోసం. చమురు డబ్బుతో దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో కొత్త దుకాణాలు లేస్తున్నాయి. ఎడారిలో జింకలు తగ్గిపోతున్నాయి. ఎండలు తగ్గాక, జతకట్టే కాలమని, వేరుగా ఉంచిన మగ జింకలను మందలోకి వదిలిన రోజు అది. రెండు మగవి కొమ్ములు కలిపి నెట్టుకుంటున్నాయి. ఒకదాని మెడ మీద రక్తం. గేటు వైపు కదిలాను. పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు సారూ! పేపరోళ్లకు లొల్లి కనవడ్తే సాలు, నడిమిట్లకు ఉర్కుతరు."

"చచ్చిపోతుందేమో!"

"సావది. ఓడినోడే పక్కకు పోతడు."

అలాగే పోయింది. అప్పుడు తన తప్పు చెప్పాడు. వచ్చిన ఏడాది, ఊళ్లో పొట్టేళ్లను విడదీసినట్టే కర్ర పట్టుకుని మధ్యలోకి పరిగెత్తాడు. ఆడజింకలు బెదిరి కంచెకు కొట్టుకున్నాయి. ఒకటి మెడ విరిగి చచ్చింది. ఎవరూ చూడలేదు. తనే వెళ్లి మేనేజర్‌కు చెప్పాడు.

"ఇంటికి పంపితే పంపమన్న. పంపలే."

ఆ తర్వాత ఏటా ఈ కాలం రాగానే కర్రను గేటు బయట నిలువునా పాతేసేవాడు. ట్యాంకర్‌ను దూరంగా ఆపించి, నీళ్లు డబ్బాల్లో మోసేవాడు. నెల రోజులు ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. తువ్వాలు మెలిపెడుతూ కంచె వెంట తిరిగేవాడు. పక్కన నేనూ కూర్చోలేకపోయేవాణ్ణి. అయినా ఏటా వెళ్లాను.

ఆదివారం ఆసుపత్రిలో తన జబ్బు మాట ఎత్తలేదు. తన చోట పెట్టిన కొత్త కాపరి గురించే చెప్పాడు. అతనిదీ ఆయన ఊరే, గొర్రెల కాపరే.

"పొట్టేళ్లు పొడుసుకుంటే వాని పానం ఆగది. జెర చెప్పు సారూ. చేతులు కట్టుకొని నిలవడమను."

నిన్న, ఆయన పోయిన రోజు సాయంత్రం, వెళ్లి ఆ కాపరికి చెప్పాను.

"నెత్తురు కారుతుంటే సూసుకుంట నిలవడాల్నా?" అన్నాడతను.

"పెద్దాయన పదేళ్లు నిలబడ్డాడు."

అతను గేటు బయటి కర్ర వైపు చూశాడు. ఆసుపత్రికి వెళ్లేముందే పెద్దాయన దాన్ని పాతి వెళ్లాడు.

గురువారం మధ్యాహ్నం విమానంలో ఆయన శవపేటిక ఊరికి బయలుదేరుతుంది. శుక్రవారం ఉదయం ఆరింటికి మగ జింకలను వదులుతారు.