సాయిబు గోడ

మా నాన్నది నౌపడ దగ్గర చిన్న కిరాణా కొట్టు. దేశమే ముందు, కులమూ కుటుంబమూ ఆ తర్వాతేనని చెప్పే పార్టీలో, మా వైపు దాని పేరు కూడా ఎవరూ వినని రోజుల్లోనే చేరాడు. ఎన్నికలు ఎప్పుడొచ్చినా మా అభ్యర్థికి డిపాజిట్ పోయేది. ఫలితాలు వచ్చిన మర్నాడు నాన్న సున్నం బకెట్టు పట్టుకుని బయల్దేరేవాడు. ప్రచారానికి ఎవరెవరి గోడలు అడిగి తీసుకున్నాడో వాటన్నిటికీ వెల్ల వేసి, దండం పెట్టి వచ్చేవాడు. ఊళ్ళో నవ్వేవారు. నాకు మహా సిగ్గుగా ఉండేది.

మొట్టమొదట గోడ ఇచ్చినవాడు ఎదురింటి దర్జీ సాయిబు. "సావుకారూ, ఓటు మాత్రం నీకెయ్యను. గోడకేటి, రాసుకో" అన్నాడట. ఆ మాట చెప్పుకుని నాన్న పోయేదాకా మురిసిపోయాడు. సాయిబు కూడా ఇప్పుడు లేడు.

నేనూ అదే పార్టీలో ఉన్నాను. మొన్న ఎచ్చెర్లలో కొత్త కార్యకర్తల శిక్షణకి పార్టీ చరిత్ర, సిద్ధాంతం చెప్పమన్నారు. ఏం చెబుతానో ముందుగా విన్న జిల్లా పెద్దాయన తల గోక్కున్నాడు.

"ఆ సాయిబు సంగతి ఇప్పుడెందుకమ్మా? సిద్ధాంతం సెప్పండి, సాలు."

"నాకు తెలిసిన సిద్ధాంతం అదేనండి" అన్నాను. ఒళ్ళు మండింది. దేశమంటే మనకి ఓటు వేసేవాళ్ళు మాత్రమే అయితే, నాన్న అన్ని గోడలకి వెల్ల ఎందుకు వేసినట్టు? క్లాసులో సాయిబు సంగతితోనే మొదలుపెట్టాను. సగంలో టీ విరామమని మైకు తీసేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోంచి చూస్తే, ఎదుటి గోడ మీద మా పార్టీ పేరు, ఆయిల్ పెయింటుతో. సాయిబు కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎవులూ అడగలేదత్తా" అన్నాడు.

ఆయిల్ పెయింటు మీద సున్నం ఆగదు. ఇనుప బ్రష్షు తెచ్చి గీకడం మొదలుపెట్టాను. ఆ పేరు రాసిన కార్యకర్త పరుగున వచ్చాడు. నిన్న క్లాసులో ముందు వరసలో కూర్చున్న మనిషే.

"మన పేరు మనమే సెరుపుకుంటామేటమ్మా?"

"నిన్న ఇన్నావు కదా. ముందు ఎల్లి అడుగు."

వెళ్ళి అడిగాడు. సాయిబు కొడుకు తల అడ్డంగా ఊపాడు. "ఈసారికి ఒద్దన్నా" అన్నాడు.

కార్యకర్త మొహం మాడిపోయింది. అయినా నా చేతిలో బ్రష్షు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. నేను సున్నం కలపడానికి ఇంట్లోకి వెళ్ళాను.

ఆ గోడ నాన్నకి ఎప్పుడూ లేదనలేదు. మాకు లేదంది. అదీ మా పార్టీ చరిత్రే, వచ్చే క్లాసులో అదీ చెబుతాను. మైకు ఇవ్వకపోతే నాకు గొంతుంది.