భేది ఉప్పు తొట్టి

మా ఆయనకు నలభయ్యో ఏట పరుగు పిచ్చి పట్టింది. కర్నూల్లో సందుకో నెట్ సెంటర్ వెలిసిన రోజులవి. అంతకుముందు కోడుమూరు బస్సు కళ్లెదుటే కదిలిపోతున్నా పరుగెత్తని మనిషి, హైదరాబాదులో ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తుతానని బూట్లు కొన్నాడు. పొద్దున్నే తుంగభద్ర గట్టుదాకా వెళ్లొచ్చి, కాళ్లు చాపుకుని మూలిగేవాడు. ఎదురింటివాళ్లు వచ్చి పలకరిస్తే గానీ ఆ మూలుగు తగ్గేది కాదు.

నాకూ ఎడమ మోకాలు నొప్పి ఉండేది. మేముండేది మిద్దె మీద అద్దెవాటాలో. ఇంటి బోరు నీళ్లు ఉప్పు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్లు మూడు రోజులకొకసారి వీధి చివర కొళాయికి వచ్చేవి. పన్నెండు బిందెలు మోసుకుని, ప్రతిసారీ పదిహేడు మెట్లెక్కి, వంటింటి పక్కనున్న సిమెంటు తొట్టిలో పోసి మూత పెట్టేదాన్ని. నేనెప్పుడూ మూలగలేదు. మూలిగితే బిందెలు తగ్గుతాయా?

ఒక ఆదివారం ఆయన నెట్ సెంటర్ నుంచి జ్ఞానోదయమై వచ్చాడు. వేడినీళ్లలో ఎప్సం ఉప్పు కలుపుకుని కూర్చుంటే పెద్ద పెద్ద పరుగువీరులకు కండరాల నొప్పులు పోతాయట. శెట్టిగారి అంగడికి వెళ్లి అడిగితే, శెట్టి పొట్లం కడుతూ, "భేది ఉప్పా? ఏమప్పా, దొడ్డికి పోయి ఎన్ని దినాలాయె?" అన్నాడట. అంగట్లో అందరూ నవ్వారని ఈయనకు అవమానం. ఆ నవ్వినవాళ్లలో నేను లేకపోతినే అని నాకు బాధ.

"బోరు నీళ్లల్లో కూచో పో. దేవుడు ముందే ఉప్పేసి పంపిచ్చినాడు గదా" అన్నాను.

"ఆ ఉప్పు వేరే, ఈ ఉప్పు వేరే. నీకేం తెలుసు?" అన్నాడు.

నేను జొన్నలు పట్టించుకుని రావడానికి పిండి మిషన్‌కు పోయాను. తిరిగి వచ్చేసరికి తొట్టి మూత గోడకు ఆనించి ఉంది. అందులో నీళ్లే తోడి, కాచి కాచి మళ్లీ అందులోనే పోసి, పొట్లం మొత్తం గుమ్మరించి, మా మూడు రోజుల మంచినీళ్లలో నడుము దాకా కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. బర్రె కూడా తాను తాగే కుడితిలో పడుకోదు.

"మళ్లా నీళ్లు ఎప్పుడొస్తాయి?" అని అడిగాను.

"బుధవారం" అన్నాడు కళ్లు తెరవకుండానే. అన్నాక తెరిచాడు.

నేను తిట్టలేదు. తిట్టించుకోవడానికి కూడా ఒక అర్హత ఉండాలి. ఆయన ఒళ్లు తుడుచుకునేదాకా ఆగి రెండు బిందెలు చేతికిచ్చాను. "నొప్పులు పోయినాయి గదా సామీ. రెండు వీధులవతల దర్గా కాడ చేతిపంపు ఉండాది. తెచ్చిపెట్టు."

ఆయన మెట్లు దిగాక తొట్టి అంచున కూర్చున్నాను. చీర పైకి దోపి, మోకాళ్ల దాకా కాళ్లు దించాను. ఆయన చెమట కడిగిన నీళ్లు, రోతగానే ఉంది. కానీ వెచ్చగా ఉన్నాయి. ఏళ్ల తరబడి పళ్లు బిగించి మెట్లెక్కించిన మోకాలు మెల్లగా వదులైంది. ఉప్పు మహిమో, వేడి మహిమో, ఊరికే కూర్చోవడమే మహిమో తెలియదు. ఏడుపొచ్చింది. ఆ మనిషి చెప్పింది నిజమయ్యేసరికి ఒళ్లు మండింది కూడా.

ఎగరొప్పుతూ పైకొచ్చిన ఆయన రెండో బిందె కింద పెట్టలేక గుమ్మంలోనే కూలబడ్డాడు. నేను లేచేలోపే నా తడి కాళ్లు చూశాడు.

"నీక్కూడా కాళ్లు నొప్పులుండాయా?" అన్నాడు.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు. అంత ఆలస్యంగా వచ్చిన మాటకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"లేదు, తొట్టి కడుగుతాండా" అన్నాను.