వద్దన్న పడవ

పాత పడవ కొనాలనుకున్నవాళ్ళు మా రేవులో ముందు ఇంజను దగ్గరికి పోయేవారు కాదు, చెవి మేస్త్రి దగ్గరికి పోయేవారు. ఆయనకు అసలు పేరు ఏదో ఉండేది. పిలిచేవాళ్ళు లేక అది మూలన పడింది. కొయ్య సుత్తి పట్టుకుని పలక పలకనీ తడుతూ పడవ చుట్టూ తిరిగేవాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది. లోపల పుచ్చిన కర్ర తడిసిన గోనెసంచిని కొట్టినట్టు మూగగా పలుకుతుంది. ఆ రెండింటి మధ్య ఉండే పలుకులన్నీ ఆయనకు తెలుసు. ఎవరూ నేర్పలేదు. ఆయన అన్న, పైకి కొత్త రంగు పూసిన పాత పడవ ఒకటి కొని, దానితోపాటే మునిగిపోయాడు. ఆ తర్వాతే ఈయన సుత్తి పట్టాడు. అన్న కొడుకును తెచ్చి పెంచుకున్నాడు.

సుత్తి ఎత్తకముందే ఆయన కళ్ళు సగం పని చేసేవి. పడవంతా వెలిసిపోయి ఒక్క చోటే రంగు మెరుస్తుంటే అక్కడ ఆగేవాడు. తుప్పు పట్టిన మేకుల వరుసలో కొత్త మేకులు కనిపిస్తే ఎందుకు మార్చారని అడిగేవాడు. కొనేవాడు వచ్చేసరికే ఇంజను వేడెక్కి ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు అది మొరాయిస్తుందని లెక్క. లోపలి చెక్కలు ఎత్తి ముక్కు పెట్టేవాడు. ఫినాయిలు గుప్పుమంటే దాని కింద ఇంకో వాసన దాక్కుందన్నమాట.

"పడవ అబద్ధం చెప్పదు. అమ్మేవాడు చెప్పిస్తాడు" అనేవాడు.

ఒక వానాకాలం ఆయనకు రెండు చెవులూ చీము పట్టాయి. మందు వేస్తే చీము ఆగింది గాని, లోకం దుప్పటి ముసుగులోంచి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన పనిచేసే పడవల షెడ్డులో రంపాల మోతకు అందరూ అరుచుకుంటూనే ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అలాంటి చెవుడు వస్తే మన గొంతు మనకే పెద్దగా వినిపిస్తుంది. అందుకని ఆయన నెమ్మదిగా మాట్లాడసాగాడు. వయసుతో పెద్దరికం వచ్చిందనుకున్నారు.

భార్య దగ్గర మాత్రం దాగలేదు.

"పాలు పొంగుతున్నాయి చూడవయ్యా అని గొంతు చించుకున్నాను. పొయ్యి పక్కనే కూర్చుని పాలన్నీ పొయ్యిపాలు చేశావు. చెవి పోయిందని షెడ్డులో చెప్పు."

"చెవి మేస్త్రికి చెవి లేదంటే ఇంకేం మిగులుతుందే? వట్టి మేస్త్రి. వట్టి మేస్త్రులు వీధికి పదిమంది."

"మరి నిన్ను నమ్మి పడవ కొనేవాళ్ళ గతేం కాను?"

"అనుమానం వస్తే వద్దంటాను. వద్దన్న పడవ ఎవర్నీ ముంచదు."

ఆ మాటను ఆయన పూర్తిగా నమ్మాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ చెవికి గట్టి కర్ర కూడా గోనెసంచిలాగే వినిపించసాగింది. వద్దన్న పడవలు పెరిగాయి.

సరిగ్గా అప్పుడే అన్న కొడుకు సొంత పడవ కొనడానికి దిగాడు. పెరిగిందగ్గర్నుంచీ పరాయి పడవల్లో వల లాగినవాడు. వాడి భార్యకు నెలలు నిండుతున్నాయి. ఈ ఏటి చేపలవేట మొదలయ్యేలోగా పడవ దొరికితే సొంత మనిషి, దొరక్కపోతే మళ్ళీ ఇంకొకడి కింద కూలి.

బాబాయ్ చూసి ఒకదాన్ని వద్దన్నాడు. ఇంకోదాన్నీ వద్దన్నాడు. తర్వాత నీలం పడవ వచ్చింది. ఒక ముసలాయన మోకాళ్ళ నొప్పులతో సముద్రం మానేసి అమ్ముకుంటున్నది. ముక్కు నుంచి తోక దాకా రంగు ఒకేలా వెలిసిపోయి ఉంది, మేకులన్నీ ఒకే తుప్పులో ఉన్నాయి. కళ్ళకు ఏ లోపమూ దొరకలేదు. సుత్తితో తట్టాడు. గోనెసంచి.

"వద్దు రా."

"ఎక్కడ చెడింది బాబాయ్? చూపించు."

"అంతటా. చెప్పాను కదా, వద్దు."

పక్కన ఇంజను విప్పుతున్న మెకానిక్ నవ్వాడు. "ఒరేయ్, మీ బాబాయ్‌ని మీ ఇంట్లో ఎవరి పెళ్ళిచూపులకూ తీసుకెళ్ళకండిరా, మీ వంశం ఆగిపోతుంది."

నీలం పడవను ఇంకెవరో కొన్నారు. వేట మొదలైన రోజే అది నిండా చేపతో తిరిగొచ్చింది. అన్న కొడుకు ఒడ్డున నిలబడి చూశాడు. ఆ తర్వాత బాబాయ్‌ని ఏమీ అడగలేదు. వేరే రేవుకు ఒక్కడే పోయి, ఉన్నదంతా పోసి, ఆకుపచ్చ పడవ ఒకటి కొని తెచ్చి షెడ్డు పక్కన ఒడ్డుకెక్కించాడు.

"నాకో మాట చెప్పకూడదట్రా?" అన్నాడు మేస్త్రి.

"చెప్తే ఏమంటావో నాకు తెలుసు. నీకెందుకు శ్రమ?"

మర్నాడు మేస్త్రి ఇంట్లో వంటింటి తలుపు బాగుచేస్తున్నాడు. చేతులు ఖాళీ లేక కొయ్య మేకును పళ్ళ మధ్య పట్టుకుని, దాని కొన తలుపుకు ఆనించి వంగాడు. అవతల భార్య పిలిచి పిలిచి విసిగి తలుపు మీద రోకలితో ఒక్కటి వేసింది. ఆయన పుర్రెలో గంట మోగింది. ఖంగుమని, పాతరోజుల్లోలాగా.

"ఇంకోసారి కొట్టు" అన్నాడు.

"ఏమైంది నీకు?"

"కొట్టవే!"

చెవిలోంచి రాని పలుకు పళ్ళలోంచి వస్తోంది. సుత్తీ, ఒక సన్నటి కర్రా తీసుకుని రేవుకు పోయాడు. ముందు నీలం పడవ దగ్గరికే పోయాడు. వేట నుంచి వచ్చి ఇసుక మీద ఉంది. కర్ర ఒక కొన పలకకు ఆనించి, రెండో కొన పళ్ళ మధ్య పట్టి తట్టాడు. ఖంగుమంది. ఇంకో పలక. ఖంగుమంది. అడుగుదాకా ఒక్క చచ్చిన పలుకు లేదు. ఆయన కాసేపు దాని నీడలోనే కూర్చుండిపోయాడు.

తర్వాత ఆకుపచ్చ పడవ. పక్క పలకలు పరవాలేదు. మధ్యకొచ్చి కింద తడితే పళ్ళకు ఏమీ అందలేదు, మట్టిగోడను తట్టినట్టుంది. లోపలికెక్కి చెక్కలు ఎత్తాడు. అడుగునంతా నున్నగా సిమెంటు పోసి, పైన రంగు వేసి ఉంది. కొంతమంది బరువు కోసం పోస్తారు. ఇంకొంతమంది, పలకల్ని లోపల్నుంచి పట్టి ఉంచే ఎముకల కర్రలు పుచ్చిపోతే అవి కనపడకుండా పోస్తారు.

అబ్బాయి వచ్చాక చెవి సంగతీ, పళ్ళ సంగతీ, సిమెంటు సంగతీ మొత్తం చెప్పాడు.

"అయితే ఆ నీలం పడవ?"

"గట్టిది రా. దానికేం లేదు."

"దానికేం లేదు." వాడు నవ్వాడు, ముఖంలో నవ్వు లేదు. "చెవి ఉందన్నప్పుడు తప్పు చెప్పావు. లేదంటూ వచ్చి ఇప్పుడు నిజం చెప్తున్నావా? అదీ పళ్ళతో?"

"సిమెంటు పగలగొట్టి చూద్దాం. నా మాట వినకు, నీ కళ్ళతోనే చూడు."

"పగలగొడితే ఈ ఏడు వేట పోయినట్టే. రేపు నీళ్ళలోకి దించుతున్నా. నువ్వు దీని జోలికి రాకు బాబాయ్. నాన్న పోయినప్పట్నుంచీ నీకు ప్రతి పడవా శవంలాగే కనిపిస్తోంది."

మర్నాడు పొద్దున్నే అబ్బాయి డీజిలుకు వెళ్ళగానే మేస్త్రి సమ్మెటా ఉలీ తీసుకుని పడవలోకి దిగాడు. చప్పుడుకు మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు.

"మతిపోయిందా మేస్త్రీ? వాడి పడవ అది!"

ఆయనకు వినపడలేదు. వినపడినా ఆగేవాడు కాదు.

అబ్బాయి డబ్బాలు మోసుకుని వచ్చేసరికి సిమెంటు పెచ్చులు ఇసుక మీద కుప్పగా ఉన్నాయి. వాడు డబ్బాలు కింద పడేసి బాబాయ్ చొక్కా పట్టుకుని పక్కకు లాగాడు. అప్పుడు లోపలికి చూశాడు. పడవను కలిపి ఉంచాల్సిన ఎముకల కర్రలు మాడిన రొట్టెలా నల్లబడి ఉన్నాయి. వాడు ఒకదాన్ని వేళ్ళతో పట్టుకున్నాడు. అది వేళ్ళలోనే పొడయింది. కింద పలకల సందులోంచి వెలుతురు కనిపించింది.

చొక్కా వదిలేశాడు. పడవ అంచు మీద కూర్చుని చేతిలోని నల్లటి పొడిని చూసుకున్నాడు.

"దాంట్లో పోయి ఉంటే చచ్చేవాణ్ణి" అన్నాడు. తలెత్తి బాబాయ్ వైపు చూసి అన్నాడు: "ఆ నీలం పడవ నాది కావలసింది."

మేస్త్రికి మొదటి మాట వినపడలేదు. రెండోది పెదాల మీద చదువుకున్నాడు.

ఆకుపచ్చ పడవ పొయ్యి కిందికి కూడా పనికిరాలేదు. అమ్మినవాడు ఆ రేవు వదిలి ఎటో పోయాడు. అన్న కొడుకు మళ్ళీ కూలికి ఎక్కాడు. ఎక్కింది నీలం పడవ మీదే, వాళ్ళకు మనిషి కావలసొచ్చి. కూతురు పుట్టిన కబురు బాబాయ్‌కి పిన్ని ద్వారా చెప్పించాడు, ఆ ఇంటి గుమ్మం మాత్రం తొక్కలేదు.

మేస్త్రి తనకు చెవి లేదని షెడ్డులో అందరికీ తనే చెప్పాడు. ఆ తర్వాత పడవ చూడమని ఆయన్ను ఎవరూ పిలవలేదు. పళ్ళ సంగతి చెబితే నవ్వారు. ఇప్పుడు తలుపులూ బల్లలూ చేస్తాడు.

కాని నీలం పడవ రంగుకో మరమ్మతుకో ఒడ్డెక్కినప్పుడల్లా వస్తాడు. పిలవకుండానే వస్తాడు. కర్రను పళ్ళ మధ్య పట్టి, ముక్కు దగ్గర మొదలుపెట్టి పలక పలకనీ తట్టుకుంటూ వస్తాడు. అన్న కొడుకు పక్కకు తప్పుకుని దారిస్తాడు. ఎలా ఉందని అడగడు. ఆయనా చెప్పడు. మేస్త్రి చివరి పలక తట్టి, కర్ర చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేదాకా వాడు పడవను నీళ్ళలోకి తొయ్యడానికి భుజం పెట్టడు.