ఇనుము లేని చోటు కోసం

హిమాలయాలకి వెళ్లొచ్చినవాళ్లు పుస్తకాలు రాస్తారు. నేను కూకట్‌పల్లి నుంచి గోపన్‌పల్లి దాకా వెళ్లొచ్చాను. దూరం చూస్తే పాతిక కిలోమీటర్లు ఉండదు, పట్టింది మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా. నా తర్వాత ఎవరైనా యాంటెన్నా చంకలో పెట్టుకుని అదే దారిన పోదలుచుకుంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నా ఉద్యోగం యాంటెన్నాలు గీయడం. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్లో బాగా పొడుగువి ఉంటాయి, ఒక్కోటి ఐదారు మీటర్లు. వాటిని పట్టే యాంటెన్నాలు. ఒకటీ రెండూ సరిపోవు, జనం లేని బీడు మీద వందల కొద్దీ పాతి, అన్నిటినీ కలిపి ఒకే టెలిస్కోపులాగా వాడతారు. చూడ్డానికి గుడ్డ ఊడిపోయిన గొడుగులా ఉంటుంది: నడుమ ఒక గుంజ, పైన ఒక డబ్బా, డబ్బాలోంచి నాలుగు వైపులా కిందికి వాలిన నాలుగు అల్యూమినియం పైపులు.

నేను గీసిన యాంటెన్నా కంప్యూటర్లో బంగారంలా ఉంది. తయారుచేయించి, హైటెక్ సిటీలో మా ఆఫీసు మేడ మీద నిలబెట్టి కొలిస్తే, నున్నగా పోవాల్సిన గ్రాఫు గీత మధ్యలో ఒక గుంట పడింది. ఆ గుంట దగ్గర యాంటెన్నా ఉన్నా లేనట్టే. నా లెక్క తప్పయ్యే ప్రశ్నే లేదు కాబట్టి తప్పు మేడదని తేల్చాను. చుట్టుపక్కల ఇనుముంటే ఈ కొలతలు చెడిపోయే మాట నిజం, మా మేడ మీద ఇనుముకి కొదవా లేదు. మూడు నెలల్లో నా ఉత్తరాల పుణ్యాన బిల్డింగువాళ్లు ఇనప నిచ్చెన పీకేశారు. ఇనప నీళ్ల ట్యాంకు దింపి ప్లాస్టిక్‌ది పెట్టారు. గుంట కదల్లేదు. పిట్టగోడ మీది రెయిలింగు కూడా తీసేయమంటే, మనుషులు పడిపోతారని ఒప్పుకోలేదు. సైన్సంటే జనానికి అంత చులకన.

బుధవారం సాయంత్రం మా ప్రాజెక్టు పెద్ద పిలిచారు. ఆయన్ని అందరం సార్ అనే అంటాం.

"రమా, బాలానగర్ ఫ్యాక్టరీవాళ్లు ఎల్లుండి మొత్తం యాంటెన్నాల తయారీ మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టాక ఆపమంటే వినరు. నీ గుంట నిజమా, అబద్ధమా?"

"అబద్ధమేనండి."

"కొలిచి చెప్పమ్మా. రేపు సాయంత్రంలోగా."

అలా మొదలైంది యాత్ర. కావలసింది ఏ వైపుకి నడిచినా ముప్ఫై అడుగుల దాకా ఇనుము తగలని నేల. సైబరాబాద్‌లో.

గురువారం పొద్దున్న ఆరూ ఇరవైకి కేపీహెచ్‌బీలో సిటీ బస్సెక్కాను. పైపులూ గుంజా డబ్బా నా దగ్గరే ఉన్నాయి, ఆదివారం మా అపార్ట్‌మెంటు మేడ మీద కూడా ఒక ప్రయత్నం చేసి, బట్టలారేసే తీగల మధ్య భంగపడ్డాను లెండి. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టింది. తర్వాత పైపుల కట్ట వైపు చూసింది.

"దీనికి లగేజీ టికెట్ తీస్కోవాలె మేడం."

"ఆడవాళ్లకి ఫ్రీ కదమ్మా."

"మీకు ఫ్రీ. దానికి కాదు."

"ఇది కూడా ఆడదే అనుకోండి."

"అయితే ఆధార్ చూపియ్యమనండ్రి."

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్ తీసుకున్నాను.

ఏడింటికి హైటెక్ సిటీలో దిగేసరికి యాదయ్య ట్రాలీ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. యాదయ్య మా వర్క్‌షాపులో ఫిట్టరు, పుట్టి పెరిగింది గోపన్‌పల్లి. నేను గీసిన ప్రతిదీ ఆయన చేతుల మీదుగానే వస్తువయింది. ట్రాలీ ఆయన బామ్మర్దిది, నాలుగింటికల్లా తిరిగి అప్పజెప్పాలి. ఆఫీసులోంచి కొలిచే మిషను తెచ్చుకున్నాం, అది టిఫిన్ క్యారియరంత ఉంటుంది. ఫుట్‌పాత్ మీద ఇడ్లీలు తిన్నాం. చట్నీ పలచన, సాంబారు ఇంకా పలచన, వేడి వల్ల రెండూ చెల్లుబాటయ్యాయి.

గచ్చిబౌలి దాటడానికి నలభై నిమిషాలు. పక్కన కారులో ఒకాయన స్టీరింగు ముందు లాప్‌టాప్ తెరిచి మీటింగులో మాట్లాడుతున్నాడు. మేం కదిలినప్పుడల్లా ఆయనా కదిలాడు కాబట్టి ఆ మీటింగు సగం నేనూ విన్నాను. ఏమీ తేలలేదు.

తొమ్మిదింటికి తెల్లాపూర్. మా పిన్ని కూతురు శిరీష అక్కడొక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఉంటుంది. "మా లాన్ ఎకరాలకెకరాలు అక్కా, నీ ఇష్టమొచ్చినట్టు కొలుచుకో" అంది ముందురోజు ఫోన్లో. గేటు దగ్గర వాచ్‌మన్ తన ఫోన్లో యాప్ తెరిచి, "విజిటరా, డెలివరీనా, సర్వీసా?" అన్నాడు. యాంటెన్నా అనే గడి అందులో లేదు. చివరికి నేను విజిటర్‌గా పెద్ద గేటులోంచి, యాదయ్య సర్వీసు కింద వెనక గేటులోంచి, యాంటెన్నా డెలివరీ కింద ఆయన వెనకే వచ్చాం.

లాన్ నిజంగానే అందంగా ఉంది. గుంజ నిలబెట్టి మిషను ఆన్ చేశాం. గుంట అక్కడే ఉంది. తెరని దగ్గరగా పెట్టుకుని చూశాను. ఈలోపు యాదయ్య గునపంతో గడ్డిలో ఒక పోటు పొడిచాడు. జానెడు దిగి ఠంగుమంది.

"మేడం, కింద స్లాబుంది. గీ గడ్డి కింద కార్లు పెడ్తరు."

పార్కింగు! అంటే మేం నిలబడింది ఇనప చువ్వల పరుపు మీద. నాకు ప్రాణం లేచొచ్చింది. గుంట అబద్ధమే!

ఆ సంతోషం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. వాకింగుకొచ్చిన నలుగురు పెద్దమనుషులు చుట్టూ చేరారు.

"ఏంటండీ ఇది? సెల్ టవరా? పిల్లలు ఆడుకునేచోట రేడియేషన్ ఏమిటండీ?" అన్నాడు అందులో ఎత్తుగా ఉన్నాయన.

"ఇది ఏమీ పంపించదండీ. వింటుంది, అంతే."

నోరు జారాక తెలిసింది.

"వింటుందా? మా మాటలా?"

పావుగంటలో శిరీష పరుగెత్తుకొచ్చింది. "అక్కా, గ్రూపులో మెసేజుల వాన కురుస్తోంది. ఎవరి గెస్టని ప్రెసిడెంటు గారు అడుగుతున్నారు. నేనింకా చెప్పలేదు." దాని మొహం చూస్తే చెప్పే ఉద్దేశం కూడా ఉన్నట్టు లేదు. కాఫీ అయినా తాగకుండా బయటపడ్డాం. ఈ సారి ముగ్గురం సర్వీసు గేటులోంచే.

రోడ్డెక్కాక యాదయ్య ట్రాలీని గోపన్‌పల్లి వైపు తిప్పాడు. తర్వాత, "మా మేనత్త భూమి ఉంది మేడం, గోపన్‌పల్లిల. ఏం లేదు దాంట్ల" అన్నాడు.

"ఈ ఏరియాలో ఏమీ కట్టకుండా ఎలా మిగిలింది?"

"కోర్టుల ఉంది. నా పెండ్లప్పటి సంది."

నాకప్పుడు అర్థమైంది. ఈ చుట్టుపక్కల ఖాళీ నేల కావాలంటే వెతకాల్సింది మ్యాపుల్లో కాదు, కోర్టుల్లో.

పదకొండుంబావుకి చేరాం. మూడు వైపులా ఆకాశానికి లేచిన అపార్ట్‌మెంట్లు, నడుమ వెడల్పుగా ఎర్రమట్టి, రాళ్లు, తుమ్మచెట్లు, ఆరు బర్రెలు. 'ఈ స్థలం వివాదంలో ఉన్నది' అని రేకు బోర్డొకటి ఉంది. అది కూడా ఇనుమే కాబట్టి దానికి దూరంగా పోయాం. యాదయ్య మేనత్త మల్లమ్మ చెట్టు నీడలో కూచుని ఉంది. డెబ్భై ఏళ్లుంటాయి. "ఏందిరా యాదీ, ఎవరి పందిరి పీక్కొచ్చినవ్?" అంది.

అడుగులు లెక్కపెట్టాను. ఏ వైపుకైనా అరవై. మా మేడ రెయిలింగు మీద ఒట్టు, ఇంత శుభ్రమైన చోటు నాకు ఉద్యోగంలో దొరకలేదు. గుంజ పాతాం, తీగ బిగించాం, మిషను ఆన్ చేశాను.

గుంట అక్కడే ఉంది.

మళ్లీ కొలిచాను. ఇంకోసారి కొలిచాను. "కింద పాత బోరు పైపేదైనా ఉందా యాదయ్యా? బర్రెల గొలుసులు?" అని అడుగుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. "ఏం లేదు మేడం. మన్ను, రాయి, బర్రెలు. గంతే. బర్రెలకు తాళ్లే" అన్నాడు. ఇక నింద వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మూడు నెలలుగా మీటింగుల్లో నేను చెప్పిన ప్రతి మాటా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"తినుండ్రి ముందుగాల" అంది మల్లమ్మ. జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టింది. నా డబ్బాలో పులిహోర ఆమెకిచ్చాను. రుచి చూసి, "పులుపు మంచిగుంది బిడ్డా. ఉప్పు మర్శినవ్" అంది. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో అదే చిన్నది.

తింటూనే మిషను తెర వైపు చూస్తున్నాను, ఆపడం మర్చిపోయాను. అప్పుడే ఒక బర్రె తీగ మీదికి నడుచుకుంటూ వచ్చింది. యాంటెన్నా నుంచి మిషను దాకా నేల మీద పరిచిన తీగ అది. యాదయ్య ఎంగిలి చేత్తోనే లేచి, తీగని ఎత్తి పట్టుకున్నాడు.

తెర మీద గుంట పక్కకి జరిగింది.

"యాదయ్యా, దించండి."

దించాడు. గుంట వెనక్కొచ్చింది.

"ఎత్తండి. గట్టిగా పట్టుకోండి. కొంచెం పక్కకి నడవండి."

ఆయన నడిచినకొద్దీ గుంట చేపపిల్లలా అటూ ఇటూ ఈదింది. మల్లమ్మ రొట్టె తుంచడం ఆపి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

తప్పు నేలది కాదు, పైపులదీ కాదు. తీగ పని సిగ్నల్‌ని తన లోపలినుంచి మోసుకురావడం. కానీ పైన డబ్బాలో నేను చేసిన అమరిక సరిగా లేక, కొంత సిగ్నల్ తీగ పైపొర మీదికి పొంగి పారుతోంది. దాంతో తీగ కూడా యాంటెన్నాలో భాగమై కూర్చుంది. నాలుగు కాళ్ల జంతువుకి నేనే ఐదో కాలు తగిలించి, అది కుంటుతోందని ఊళ్లో ఇనుమంతా పీకించాను. కంప్యూటర్లో ఎందుకు దొరకలేదంటే, అక్కడ నేను తీగే గీయలేదు.

"ముందుగాల చేసిన యాంటెన్నాల, డబ్బాల నల్ల రింగు ఉంటుండె కద మేడం" అన్నాడు యాదయ్య, తీగ పట్టుకునే. "తీగ దాని చుట్టు తిప్పి కడ్తుంటిమి. దీంట్ల ఎందుకు లేదని అడిగిన. అవసరం లేదన్నరు మీరు."

"ఎప్పుడు?"

"నిచ్చెన తీపిచ్చిన రోజు."

అంటే మూడు నెలల కిందట. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది.

పొంగుని ఆపే ఆ రింగు, సరిచూడ్డానికి మా దగ్గర లేదు. తీగని దగ్గరగా చుట్టలు చుట్టినా పొంగు ఆగుతుంది. చుట్టడానికి లోహం కానిదేదైనా కావాలి. మల్లమ్మ ప్లాస్టిక్ పాలడబ్బా కనపడింది. యాదయ్య యాంటెన్నా డబ్బా కిందుగా తీగని పాలడబ్బా చుట్టూ ఆరు చుట్లు బిగించి తాడుతో కట్టాడు. ఆన్ చేశాను. గీత నున్నగా, కంప్యూటర్లో వచ్చినట్టే పోయింది. తీగ ఎత్తినా, దించినా, బర్రె తొక్కినా కదల్లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమో సిగ్గో తేల్చుకోలేదు, అప్పటికి తీరికా లేదు.

రెండూ నలభైకి సార్‌కి ఫోన్ చేశాను. తుమ్మచెట్ల అవతలికి పోయి చేద్దామనుకుని, మళ్లీ యాదయ్య ముందే నిలబడి చేశాను.

"గుంట నిజమేనండి. తప్పు నాది. పైపులు బాగానే ఉన్నాయి, పైన డబ్బా మార్చాలి. రింగు నేను తీసేశాను, తియ్యకూడదు."

అవతల సార్ కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది.

"మరి ఆ నీళ్ల ట్యాంకు?"

"పాతది తుప్పు పట్టిందండి, ఎలాగూ..."

"రమా."

"క్షమించండి సార్."

"బాలానగర్‌కి చెప్తాను. పైపులు కొయ్యనీ, డబ్బాలు ఆపుతారు. కొత్త డబ్బా సోమవారానికి నా టేబుల్ మీదుండాలి. నువ్వు కనిపెట్టావా?"

"యాదయ్య అండి. మూడు నెలల కిందటే." బర్రె పాత్ర గురించి చెప్పలేదు, అప్పటికే పరువు చాలినంత పోయింది.

ఫోన్ పెట్టేశాక, రిపోర్టులో పేరు రాస్తానని యాదయ్యకి చెప్పాను. వద్దంటాడేమో, బతిమాలాలేమో అనుకున్నాను. "రాయండ్రి" అన్నాడు వెంటనే. "స్పెల్లింగ్ జర సూసి రాయండ్రి. జీతం కాగితాల మీద తప్పు పడుతది ఎప్పుడూ."

పైపులూ గుంజా ఊళ్లో మల్లమ్మ బర్రెల కొట్టంలో పెట్టాం, మర్నాడు మళ్లీ కొలవాలి. పైన డబ్బా, చుట్లతో సహా పాలడబ్బా నేను తీసుకున్నాను. ఆ చుట్లు చూసే రింగు లెక్క కట్టాలి. "రేపు పొద్దుగాల తెచ్చియ్యాలె, పాలు పొయ్యాలె నేను" అంది మల్లమ్మ. మాటిచ్చాను. నాలుగింటికి ముందే యాదయ్య నన్ను లింగంపల్లి స్టేషన్లో దింపి, ట్రాలీతో వెళ్లిపోయాడు.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు పావుగంట ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఖాళీగా ఉంది. చందానగర్, హఫీజ్‌పేట, తర్వాత హైటెక్ సిటీ, అక్కడ దిగితే షేర్ ఆటోలో మా ఇల్లు. కిటికీ పక్క సీటు దొరికింది. సైబరాబాద్‌లో గడ్డి కింద కార్లుంటాయనీ, ఖాళీ నేల మీద కేసులుంటాయనీ వెళ్లేముందు నాకు తెలియదు. వెళ్లదలుచుకున్నవాళ్లు తీర్పు రాకముందే వెళ్లండి. మల్లమ్మ రొట్టె పెడుతుంది. నిజం చెప్పాలంటే, పొద్దున నేను బయల్దేరింది నా మాట నెగ్గించుకోడానికి. ఓడిపోయి తిరిగొస్తున్నాను, ఆకలి మాత్రం మూడు నెలల తర్వాత మామూలుగా వేస్తోంది.

ఎదురు సీట్లో కరివేపాకు కట్టలతో కూర్చున్న పెద్దావిడ నా ఒళ్లోని పాలడబ్బాని చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఏంటమ్మా అది, పాలడబ్బాకి తీగ చుట్టారు?"

"ఆకాశంలోంచి వచ్చేది వినడానికండి."

"ఏం వినపడిందేంటి?"

"ఇంకా ఏమీ వినపడలేదండి. ఇవాళే చెవిలో గుబిలి తీశాం."