తోక బరువెక్కిన విమానం

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక నవంబరులో, తుఫాను తీరం దాటిన మరునాడు నన్ను చిన్న రవాణా విమానంతో విజయవాడ దగ్గరి విమానాశ్రయానికి పంపారు. అప్పటికి నేను నౌకాదళంలో కమాండర్‌ని, ఆ విమానానికి కెప్టెన్‌ని. ఓడల వాళ్ళకు కెప్టెన్ అంటే నాకంటే ఒక మెట్టు పై హోదా. విమానంలో మాత్రం హోదా ఏదైనా సరే, దాన్ని క్షేమంగా దించాల్సిన బాధ్యత ఎవరిదో ఆయనే కెప్టెన్.

రేపల్లెకు దిగువన, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక లంక గ్రామానికి బియ్యం జారవిడవాలి. కట్ట తెగి అక్కడికి దారి లేకుండా పోయింది. నిజాంపట్నం రేవులో పడవలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. హెలికాప్టర్లు మేడల మీద చిక్కుకున్నవాళ్ళను దించే పనిలో ఉన్నాయి. మిగిలింది మేమే.

పారాచూట్లు లేకుండా బియ్యం జారవిడిచే పద్ధతి నేను శిక్షణలో నేర్చుకున్నది కాదు. తెనాలిలో మా వీధి చివర గ్రంథాలయం ఉండేది. యుద్ధాల మీద పుస్తకాలు అక్కడ రెండు బీరువాలు. సైనిక రవాణా విమానాల చరిత్ర నేను అక్కడే, ఎవరూ చెప్పకుండా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఈశాన్య కొండల్లోని సైనికులకు బియ్యం ఎలా వేశారో అందులో ఉంది. లోపలి సంచిని సగమే నింపి, దాన్ని ఇంకో పెద్ద సంచిలో వేసి మూతి కడతారు. నేలకు తగిలినప్పుడు లోపలిది చిరిగినా బయటిది ఆపుతుంది. నిండుగా కుట్టిన బస్తాలో గింజలకు కదిలే చోటు ఉండదు కాబట్టి అది పగిలి, బియ్యమంతా బురదపాలవుతుంది. బాపట్లలోని సహాయక కేంద్రం అధికారికి ఫోన్‌లో ఇదంతా వివరించాను. ఆయన తెనాలిలోని ఒక మిల్లుకు కబురు చేశారు.

లారీ వచ్చేసరికి ఆకాశం కాస్త తెరిపిచ్చింది. అది ఎక్కువసేపు ఉండదని వాతావరణ విభాగం ముందే చెప్పింది. మా లోడ్‌మాస్టర్, అంటే సరుకు ఎక్కడ ఎంత పెట్టాలో లెక్క చూసేవాడు, మాస్టర్ చీఫ్ హోదాలో ఉన్న ఖాదర్. బాపట్లవాడు. నాకంటే ఎక్కువ కాలం ఆ విమానంలో తిరిగినవాడు. నిబంధన ప్రకారం లారీలోంచి ముందు దిగిన బస్తాలు కొన్ని తూచాడు. సరిగ్గా సగం బరువే ఉన్నాయి. వాటిని విమానం ముందు భాగంలో సర్దించి, తరవాత దిగినవాటిని వెనక్కి పెట్టించి, వలతో బిగించాడు. బయటి సంచులన్నీ ఒకేలా వదులుగా ఉన్నాయి. లారీతో వచ్చిన ముఠా కూలీలకు ఏ బస్తా అయినా ఒకటే, అలవోకగా ఎక్కించేశారు.

విమానాన్ని ఒక కావడి బద్దలా ఊహించుకోవాలి. రెక్కల దగ్గర పట్టుకుంటే ముక్కు, తోక సరితూగాలి. ముక్కు బరువైతే పైకి లేవదు. తోక బరువైతే లేస్తుంది, కానీ లేవడం ఆపదు. ఈ రెండోది ఎక్కువ ప్రమాదం. ముక్కు మరీ లేచిపోతే రెక్కల మీద గాలి నిలవదు, విమానం రాయిలా పడుతుంది.

రన్‌వే మీద వేగం ఇంకా చాలకముందే, నేను లాగకుండానే ముక్కు లేచింది. బ్రేకు వేసి ఆగడానికి అప్పటికే ఆలస్యమైంది. చక్రాలు నేల వదిలాయి. నేను కంట్రోల్ కాలమ్‌ను, అంటే ముక్కును పైకీ కిందికీ కదిపే పిడిని, ముందుకు నెట్టాను. అది నెట్టగలిగినంత నెట్టినా ముక్కు దిగలేదు. నా పక్కన కో-పైలట్ లెఫ్టినెంట్ నాయర్ కూడా తన పిడిని రెండు చేతులతో నెట్టాడు. రెక్కలు గాలి కోల్పోబోతున్నాయని హెచ్చరించే హారన్ మొదలైంది. శిక్షణలో కావాలని మోగించినప్పుడు తప్ప, దాన్ని వినడం నాకదే మొదటిసారి. కిందికి చూస్తే నీళ్ళు నిండిన వరిచేలు. గట్ల మీద జనం మా వైపు చేతులూపుతున్నారు.

హెడ్‌ఫోన్‌లో ఖాదర్ గొంతు వినిపించింది.

"సార్, మీ తెనాలోళ్ళు బియ్యం పంపారా, ఇటుకలు పంపారా? వెనక బస్తాలు వల తెంచేట్టున్నాయండి."

"ఎన్ని?"

"అన్నీనండి. వెనకవన్నీ నిండు బస్తాలే."

తలుపు తోక దగ్గరే ఉంది. తెరిచి తోసేస్తే గట్ల మీది మనుషుల నెత్తిన పడతాయి. ఉన్నది ఒకటే దారి. వెనక బస్తాలను నడవలోకి, ముందుకు లాగాలి. అలా లాగాలంటే ముందు సీటులో ఉన్న ఖాదర్ మొదట వెనక్కి నడవాలి. అతని బరువూ తోకకే చేరుతుంది.

ఆ మాట నేను అనకముందే అతనే అన్నాడు.

"నేను అడుగేస్తే ముక్కు ఇంకా లేస్తదండి."

"తెలుసు ఖాదర్."

"ఒక్కటి లాగితే చాలు, తర్వాత దారికొస్తది. కాస్త పట్టుకోండి సార్."

నాయర్‌కు తెలుగు రాదు. మేమేం అనుకున్నామో అడగలేదు, నా ముఖం చూశాడు. ఆ చూపు తట్టుకోలేక నేను పరికరాల వైపు తల తిప్పుకున్నాను.

ఖాదర్ వెనక్కి వెళ్ళాడు. అతను ఎంత దూరం పోయాడో చూడకుండానే నాకు తెలిసింది, ఎందుకంటే ముక్కు అంతకంతకూ లేచింది. హారన్ ఆగకుండా మోగుతోంది. విమానం మొత్తం సన్నగా వణకడం మొదలుపెట్టింది. పడిపోయే ముందు వచ్చే వణుకు అది. శక్తి పెంచితే ముక్కు ఇంకా లేస్తుంది, తగ్గిస్తే వేగం పోతుంది. చేయడానికి ఏమీ లేక, పిడిని నెట్టి పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి పిడి నా చేతుల కింద కొద్దిగా సడలింది. బొటనవేలంత. మొదటి బస్తా కదిలిందన్నమాట. ఇంకొకటి లాగాడు. హారన్ తెగి తెగి మోగి ఆగింది. నాలుగో బస్తాకు ముక్కు దిగి ఆకాశానికి బదులు నేల కనిపించింది. నాయర్ ఒక చేయి పిడి మీంచి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

లంక వైపు వెళ్ళలేదు. చాలా వెడల్పుగా, ఏ మాత్రం ఒరగకుండా తిరిగి, వచ్చిన రన్‌వే మీదే దింపాను. ఖాదర్ దిగి విమానం నీడలో కూర్చున్నాడు. వలతాడు ఒరుసుకుని అరచేతుల చర్మం లేచిపోయింది.

మిల్లు యజమానికి ఫోన్ చేశాను. ఆయన పెద్దాయన, మా నాన్నగారిని ఎరిగినవారు. దాచలేదు.

"సగం బస్తా ఏంటి బాబూ! నీళ్ళల్లో ఉన్నోళ్ళకి సగం విస్తరి వేసినట్టు. మా మిల్లు పేరేం కాను? నేనే నిండుగా పోయించాను. తర్వాత గుమస్తా వచ్చి ఆర్డరు అట్టా కాదని గోల చేస్తే, చివరాఖర్న మిగిలినవి సగం సగం పోశారు."

అంటే నిండువి ముందు లారీ ఎక్కాయి. సగంవి చివర ఎక్కి ముందు దిగాయి, తూకానికీ అవే వచ్చాయి. సగమే ఎందుకో ఆయనకు ఎవరైనా చెప్పారా అని అడిగాను. "లేదు బాబూ, సగం పొయ్యమన్నారంతే" అన్నారు. బాపట్ల నుంచి తెనాలికి చేరేలోపు కారణం జారిపోయింది.

బస్తాలన్నీ విప్పి, మళ్ళీ తూచి కట్టేసరికి మబ్బు కమ్మింది. ఆ రోజు ఎగరలేదు. లంకలోవాళ్ళు ఇంకో రోజు ఆగారు. మర్నాడు పొద్దున్నే వేసిన బస్తాల్లో రెండు తప్ప అన్నీ పగలకుండా చేరాయి. వెనక తలుపు దగ్గర నిలబడి తోసింది ఖాదరే. చేతులకు కట్లున్నాయి, వద్దన్నాను, వినలేదు.

దాని తరవాత మా స్క్వాడ్రన్‌లో రెండు పనులు మారాయి. బయటివాళ్ళు కట్టిన సరుకును లారీ రెండు చివర్ల నుంచీ, మధ్య నుంచీ తీసి తూచేవాళ్ళం. సరుకు ఎలా కట్టాలో చెప్పేటప్పుడు, కట్టే మనిషితోనే నేరుగా మాట్లాడి, అలా ఎందుకు కట్టాలో కూడా చెప్పేవాళ్ళం. కారణం తెలియని మంచి మనిషి తన మంచితనం కొద్దీ ఆ పనిని సవరిస్తాడు.