లియొనిలా అన్న మెదడు

మా దీవిలో కపీజ్ తీరాన ఉన్న మా ఊరికి పీతలే బతుకు. మా పెదనాన్న కొడుకు తియోఫిస్తో కూడా పీతల బుట్టలు వేసేవాడు. నలభై దాటాక అతని మెడ ఎడమ పక్కకు మెలిపడటం మొదలైంది. తర్వాత నాలుక దానంతటదే బయటికి పొడుచుకొచ్చేది. నడుస్తూ నడుస్తూ వెనక్కి విల్లులా వంగిపోయేవాడు. వాళ్ల మేనమామ కూడా అలాగే పోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు. ఎత్తితే ఊరు పెట్టే పేరు ఒకటే: అస్వాంగ్. మనిషి ఒంట్లో దూరి పసిపిల్లల ప్రాణం తాగే పిశాచం.

ఆ వానాకాలం పక్కింటి గొర్గోనియో పసిబిడ్డ జ్వరంతో చనిపోయింది. పాతిపెట్టి వచ్చినవాళ్లు వచ్చినట్టే, పట్టపగలు, తియోఫిస్తో ఇంటి మీద పడ్డారు. గొర్గోనియో చేతిలో ముళ్లున్న పొడవాటి టేకుచేప ఎండు తోక. అస్వాంగ్‌ను కొట్టడానికి మా ఇళ్ల చూరుల్లో దోపి ఉంచే కొరడా అది.

"బయటికి రారా! నా బిడ్డను తిన్న నోరు చూపించు!"

తియోఫిస్తో ఏదో చెప్పబోయాడు. నాలుక బయటికొచ్చింది. వాళ్లకు అంతే చాలు. మొదటి దెబ్బకు చెంప చీలింది, రెండో దెబ్బకు కన్ను పోయింది. ఎవరో తెడ్డుతో పక్కటెముకలు విరగ్గొట్టారు. పెరట్లో చేపలు కోస్తున్న చెల్లెలు లియొనిలా కత్తితోనే పరిగెత్తుకొచ్చింది.

"తప్పుకో! వీడు నీ అన్న కాడు!" అని గొర్గోనియో అరిచాడు.

"కాకపోతే మా అమ్మ కన్నది నిన్నా, గాడిదా?" అంటూ గొర్గోనియో చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. నెత్తురు చూసి గుంపు చెదిరింది.

పట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ తియోఫిస్తోకు కుట్లు వేయించి, అతని మెడ వైపు చాలాసేపు చూసింది.

"ఇది దయ్యం కాదమ్మా. మెదడులో కొంత భాగం మెల్లమెల్లగా చచ్చిపోతోంది. తల్లి నుంచి కొడుకులకు వస్తుంది. మీ దీవి కుటుంబాల్లోనే ఎక్కువ."

"మందు లేదా?"

"నయం చేసేది లేదు. వెతుకుతున్నాం. అందుకు చనిపోయినవాళ్ల మెదడు కావాలి. ఇచ్చేవాళ్లే లేరు."

తియోఫిస్తో బిగుసుకున్న దవడతోనే నవ్వాడు. "తీసుకోండి... అంతకుముందే... వాళ్లు పగలగొట్టకపోతే."

తర్వాత కొన్నాళ్లే బతికాడు. మింగలేక, గంజి ఊపిరితిత్తుల్లోకి దిగి చనిపోయాడు. ఆస్పత్రి వ్యాన్ డ్రైవర్ని నేనే. శవాన్ని, లియొనిలాను పట్నం తీసుకెళ్తుంటే ఊరివాళ్లు దారికి అడ్డంగా దుంగ వేశారు. "అన్న తల అమ్ముకుంటున్నావా?" అంటూ రాళ్లు విసిరారు. అద్దం పగిలింది. లియొనిలా దిగి ఒక్కతే దుంగ ఎత్తబోయింది. రాయి తగిలి నుదురు చిట్లింది. అప్పుడు గుంపులోంచి గొర్గోనియో పెళ్లాం ఆస్తెరియా వచ్చి దుంగ రెండో కొస పట్టుకుంది.

"మా తమ్ముడి మెడ కూడా తిరుగుతోంది వదినా. దాచిపెట్టాం."

గొర్గోనియో ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. దుంగ దారిలోంచి తప్పించేదాకా ఆమె వదల్లేదు.

అన్న మెదడు పరిశోధనకు చేరింది. ఆ తర్వాత లియొనిలా, ఆస్తెరియా ఊరూరా చేపల సంతల్లో మైకు పట్టుకుని ఆ జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల విన్నారు, కొన్నిచోట్ల చేప పేగులు మొహాన కొట్టారు. ఒకసారి ఎవడో లియొనిలా మీద అరిచాడు, "నీకూ కొడుకులున్నారుగా! వాళ్లకూ వస్తుందా?"

"రావచ్చురా! అందుకే గొంతు చించుకుంటున్నా!"

మొన్న ఏటి ఒడ్డు ఊళ్లో మెడ మెలిపడిన ఒక పడవవాణ్ణి అస్వాంగ్ అంటూ కిందపడేసి కొడుతుంటే లియొనిలా అతని మీద పడి పడుకుంది. దెబ్బలన్నీ ఆమె వీపు మీదే పడ్డాయి. పోలీసులు వచ్చేసరికి ఆమె చెయ్యి విరిగింది, పడవవాడు బతికాడు. మందు ఇంకా రాలేదు. చేతికి కట్టుతోనే, వచ్చే సంతకు వ్యాన్ తెమ్మని నాకు కబురు పంపింది.