గాలిమరల కింద మాబున్ని

సింహాద్రిపురం దగ్గర గుట్టమీద గాలిమరలు పెట్టాక, వాటి రెక్కలు తగిలి ఎన్ని పక్షులు చస్తున్నాయో తేల్చడానికి సర్వేవాళ్లు వచ్చారు. రాలిపడినవాటిని వెతికే పనికి మాబున్నిని పెట్టుకున్నారు. బోర్లు ఎండి చీనీతోటలు కొట్టేశాక ఆమెకు కూలిపని సరిగా దొరకడం లేదు. పొద్దున్నే వచ్చి ఒక్కో మర చుట్టూ రాళ్లలో, ఎండుగడ్డిలో తిరిగేది. మోకాళ్లు పీకేవి. చాలాసార్లు ఆమెకంటే ముందే కుక్కలు వచ్చిపోయేవి, ఈకలే మిగిలేవి. కుక్కలు ఎన్నిటిని ఎత్తుకుపోతున్నాయో తెలియాలని, సర్వే చేసే దీప్తి చచ్చిన కోడిపిల్లల్ని తెప్పించి అక్కడక్కడా పడేయించేది. మర్నాడు వాటినీ వెతకాలి. ఆ పని మాబున్నికి అసలు నచ్చేది కాదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక గద్ద ప్రాణంతో దొరికింది. రెక్క ఎముక విరిగి చర్మం చీల్చుకొని బయటికొచ్చింది. మరలకు కాపలా ఉండే ఆదినారాయణ వచ్చి చూశాడు.

"బతకదు మాబున్నీ. మెడ తిప్పెయ్, దాని బాధ తీరుతాది."

"నా చేత కాదు మామా. నువ్వు చేస్తావా?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఆటోను పిలిచాడు.

పులివెందుల దాకా దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. అది ముక్కుతో పొడిచి చెయ్యంతా గాట్లు పెట్టింది. పశువుల డాక్టరు చూసి, ఎముక నుజ్జయిందని, ఇక ఎగరదని చెప్పి సూది వేశాడు. అది కదలడం మానేదాకా మాబున్ని దాని వీపు మీద చెయ్యేసి నిలబడింది.

సాయంత్రం దీప్తి ఫోన్ చేసింది. "అక్కా, అది పోయిందా? అడగడానికే ఏదోగా ఉంది. లెక్కలో రాయల్ల."

"పోయింది పాపా. రాసుకో."

ఎండలు ముదిరేసరికి సర్వే ముగిసింది. వలసపక్షులు వచ్చే నెలల్లో గుట్ట అంచున ఉన్న మరల్ని పగటిపూట ఆపడానికి కంపెనీ ఒప్పుకుంది. మిగతావి తిరుగుతూనే ఉంటాయి. వెళ్లేముందు దీప్తి, ఈసారి సముద్రంలో పెట్టబోయే మరల సర్వేకు పోతున్నానని చెప్పింది.

"నీళ్లలో పడినవాటిని ఎట్ల ఏరుతారు?" అని అడిగింది మాబున్ని.

"ఏరలేమక్కా. పడవలోంచి ఎగిరేవాటిని చూసి అంచనా కట్టల్ల, అంతే."

చలికాలంలో ఇక్కడ మళ్లీ వెతికిస్తారు, వస్తావా అని దీప్తి అడిగితే, మాబున్ని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకెవురన్నా దొరుకుతారేమో చూడు పాపా. దొరక్కపోతే నేనే వస్తాలే."